మాటలు రాని బాబు, ఇంటినిండా అభిప్రాయాలు: టీవీ, బడి, రుజువు లేని చికిత్సల మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక్క పిల్లవాడిది కాదు. ఆటిజంతో మాట ఆలస్యమైన పిల్లల్లో ఒకే తీరున వచ్చే కేసుల వివరాలను ఒక బాబుగా కలిపి రాసినది. బాబులో మార్పును ఇంట్లో రాసుకునే నోట్‌బుక్ లెక్కలు కూడా దాన్ని ఎలా నింపాలో, ఎలా చదవాలో చూపడానికి వేసినవే. పరిశోధనల గురించి చెప్పిన ఏళ్లు, అంకెలు మాత్రం అచ్చయినవి, ఎవరైనా సరిచూసుకోవచ్చు.

బాబుకి రెండేళ్ల తొమ్మిది నెలలు. మాటలు రావడం లేదని తీసుకొచ్చారు. తల్లి, తండ్రి, నాయనమ్మ ముగ్గురూ వచ్చారు. తండ్రి ఉద్దేశంలో ఇదంతా టీవీ చేసిన పని: బాబు పుట్టినప్పటి నుంచి ముందు గదిలో అది ఆగింది లేదు. నాయనమ్మ లెక్కలో మగపిల్లలకి మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకీ మూడు దాటాకే వచ్చాయి, బడిలో వేస్తే పిల్లల్లో పడి అవే వస్తాయి. బాబు మేనమామ ఫోన్‌కి ఒక వీడియో పంపాడు: ప్రెషర్ చాంబర్‌లో, అంటే గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పీల్పించే మూసిన గదిలో, కూర్చోబెడితే పిల్లలకి మాటలొచ్చాయట. తల్లి ఏ కారణమూ చెప్పలేదు. "పిలిస్తే చూడడండీ" అంది. అందరూ చెప్పినవాటిలోకీ ఎక్కువ పనికొచ్చింది ఆ మాటే. మిగతావి అభిప్రాయాలు, అది చూసి చెప్పింది.

ఇలాంటి ఇళ్లలో ఎవరిది తప్పో తేల్చబోతే పని ముందుకు సాగదు. ప్రతి అభిప్రాయంలోనూ పరీక్షించి చూడదగ్గ ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని విడదీసి, ఒక్కసారికి ఒక్కటే మార్చి, లెక్క రాసుకుంటూ చూడాలి. ఈ కేసులో అలా చేసినంత కాలం విషయం తేటగా కనిపించింది. బడి, చాంబర్, తిండి మార్పు మూడూ ఒకే నెలలో మొదలుపెట్టిన చోట అంతా కలగాపులగమైంది.

మొదట చెవి

మాట ఆలస్యమైన ఏ పిల్లవాడికైనా తొలి పని వినికిడి పరీక్ష. ఇళ్లలో దీన్ని దాటేయడానికి కారణం ఒకటే: "టీవీలో పాట రాగానే పక్క గదిలోంచి పరిగెత్తుకొస్తాడు, చెవులకేం?" అంటారు. టీవీ పాట గట్టిగా ఉంటుంది. కొద్దిపాటి వినికిడి లోపం ఉన్న పిల్లవాడికీ అది వినపడుతుంది. జారిపోయేది మామూలు గొంతుతో గది అవతలి నుంచి అన్న మాట, అందులోనూ స, ష, ఫ లాంటి మెత్తటి శబ్దాలు. కాబట్టి ఇంట్లో గిన్నె మోగించి చూసే పరీక్షకు విలువ లేదు.

బాబుకి ఓఏఈ, అంటే చెవిలోకి చిన్న శబ్దం పంపి లోపలి చెవి స్పందన చూసే పరీక్ష, చేస్తే ఎడమ చెవి పాసైంది, కుడి చెవి కాలేదు. కర్ణభేరి కదలికను చూపే టింపనోగ్రామ్‌లో కుడి చెవి గీత చదునుగా వచ్చింది. అంటే కర్ణభేరి వెనక ద్రవం చేరిందన్నమాట. నిద్రలో చేసే బెరా పరీక్ష ఎడమ చెవి వినికిడి మామూలుగా ఉందని చెప్పింది. ఇలాంటి ద్రవం చాలామంది పిల్లల్లో మూడు నెలల లోపు దానంతటదే పోతుంది. జలుబు మందులు, అలర్జీ సిరప్‌లు దాన్ని తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. రెండు చెవుల్లోనూ ఉంటే, మాట కూడా ఆలస్యమైతే, ఈఎన్‌టీ డాక్టర్లు ద్రవం పోయేలా కర్ణభేరిలో చిన్న ట్యూబు వేయడం గురించి ముందే ఆలోచిస్తారు. ఇక్కడ ఒక చెవి బాగుంది కనుక మూడు నెలలు ఆగి మళ్లీ చూడాలని నిర్ణయించారు. ఒక చెవి పూర్తిగా వింటున్నప్పుడు మాటలే రాకపోవడానికి ఆ ద్రవం ఒక్కటే కారణం కాలేదు. ఈ కుడి చెవి సంగతి గుర్తుంచుకోండి, తర్వాత చాంబర్ దగ్గర మళ్లీ వస్తుంది.

తర్వాత ఆటిజం కోసం చూడటం. చాలా చోట్ల ఎం-చాట్ ప్రశ్నల కాగితం నింపించి స్కోరు చెప్పేస్తారు. ఆ 20 ప్రశ్నలు 16 నుంచి 30 నెలల వయసు కోసం తయారైనవి. బాబుకి 33 నెలలు, ఆ స్కోరు అతనికి చెల్లదు. పైగా అది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. అందుకని ఎదురుగా కూర్చోబెట్టి ఆడిస్తూ చూసే ఏడాస్-2 మాడ్యూల్ 1 వాడారు. 31 నెలలు దాటి, ఇంకా మాటలు కలిపి వాడని పిల్లలకి ఉద్దేశించినది అదే. వచ్చిన మాట పోయిందా అని కూడా విడిగా అడగాలి, ఎందుకంటే ఉన్న మాటలు పోతే మూర్ఛల వైపు కూడా చూడాల్సి వస్తుంది. బాబుకి అలా ఏదీ పోలేదు.

పరీక్షలో కనిపించింది ఇది. పేరు పిలిస్తే తిరగడం అరుదు. వేలితో చూపించడు, కావలసింది ఉంటే పెద్దవాళ్ల మణికట్టు పట్టుకుని ఆ చెయ్యిని వస్తువు మీద పెడతాడు. సొంతంగా వాడే మాటలు ఆరు. అయితే ఒక కార్టూన్ ప్రకటనను మొదటి నుంచి చివరిదాకా రాగంతో సహా పాడతాడు, ఒకటి నుంచి వంద వరకు అంకెలు అప్పజెబుతాడు. ఇంట్లోవాళ్లకి ఈ వంద అంకెలే ధైర్యం: ఇంత చెప్పగలిగినవాడికి మాట రాకపోవడమేంటి అని. అప్పజెప్పడం వేరు, ఎదుటి మనిషితో మాటను పంచుకోవడం వేరు. మొదటిది బాగా ఉండి రెండోది లేకపోవడమే ఇక్కడ అసలు గుర్తు. నిర్ధారణ ఆటిజం స్పెక్ట్రమ్.

నోట్‌బుక్

ఏ మార్పూ చేయకముందు రెండు వారాలు లెక్క మాత్రమే రాయమన్నారు. ఈ రెండు వారాలు దాటేస్తే ఆ తర్వాత వచ్చే ఏ మెరుగుదలకీ అర్థం ఉండదు. రాయాల్సినవి మూడే, ఎక్కువైతే వారంలో మానేస్తారు.

ఒకటి, పేరు. రోజులో ఐదు వేళలు ఎంచుకుని వేళకు రెండుసార్లు, బాబు ఏదో పనిలో ఉన్నప్పుడు, వెనక నుంచి మామూలు గొంతుతో పిలవాలి. మూడు సెకన్లలో తిరిగి చూస్తే టిక్కు. చప్పట్లు, "చాక్లెట్ ఇస్తా రా" లాంటివి ఉండకూడదు, ఒకే పిలుపును నాలుగుసార్లు అనకూడదు. రెండు, సొంత చొరవ. స్నానం, భోజనం, ఆట వేళల్లో పది నిమిషాల చొప్పున కూర్చుని, బాబు తనంతట తాను ఎన్నిసార్లు పలకరించాడో గీతలు పెట్టాలి: చూపు కలిపి శబ్దం చేయడం, వస్తువు తెచ్చి ఇవ్వడం, వేలు చూపడం, మాట అనడం. చెయ్యి పట్టి లాగడం చూపు కలిస్తేనే లెక్క. మూడు, ఆ వారం సందర్భానికి తగ్గట్టు తనంతట తాను వాడిన వేర్వేరు మాటలు. మనం అన్నది వెంటనే తిరిగి అంటే, ప్రకటన పాడితే, దానికి వేరే గడి. చాలా నోట్‌బుక్‌లు పాడయ్యేది ఈ మూడో లెక్కలోనే. ప్రతిధ్వని మాటలు కూడా అందులో వేసేస్తారు, ఒక్క వారంలో ఆరు కాస్తా నలభై అవుతాయి.

వారానికొకసారి ఫోన్‌ను పిల్లవాడి ఎత్తులో ఎక్కడైనా ఆనించి ఐదు నిమిషాల వీడియో, అదే గది, అదే బొమ్మలు. మనిషి పట్టుకుని తీస్తే పిల్లవాడు ఫోన్ కోసం వస్తాడు, వీడియో పాడవుతుంది.

రెండు వారాల సగటు: పేరుకు పదికి 2, సొంత చొరవ అరగంటలో 4, మాటలు 6.

టీవీ

తండ్రి చెప్పిన కారణాన్ని ముందుగా తీసుకున్నారు. మార్చడానికి తేలికైనది, నష్టమేమీ లేనిది అదే కాబట్టి. టీవీ రోజుకి ఏడు గంటలు మోగుతోంది, అందులో బాబు కళ్లప్పగించి చూసేది రెండు గంటలే. తక్కిన ఐదు గంటలు ఎవరూ చూడరు, అది అలా మోగుతుంటుంది. ఇంట్లోవాళ్లు తగ్గించాలనుకునేది ఆ రెండు గంటలనే. అసలు నష్టం ఈ ఐదు గంటల్లో ఎక్కువ.

2009లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో రెండు నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలు 329 మందికి రోజంతా మాటలు రికార్డు చేసే చిన్న పరికరం తొడిగి చూశారు. టీవీ మోగిన ప్రతి గంటకీ పిల్లవాడి చెవిన పడే పెద్దవాళ్ల మాటలు సుమారు 770 తగ్గాయి. పిల్లవాడు చూస్తున్నాడా లేదా అన్నది కాదు, మోగుతుంటే పెద్దవాళ్లు మాట్లాడటం తగ్గిస్తారు. 2003 నాటి మరో ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. తొమ్మిది పది నెలల పిల్లలకి ఒక పరాయి భాష శబ్దాలను 12 సార్లు ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ వినిపిస్తే నేర్చుకున్నారు; అదే మనిషిని, అదే సరుకును వీడియోలో చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు. "చదువు చెప్పే చానల్ కదా" అనే వాదనకి ఈ వయసులో బలం లేదు. ఒక ఏడాది వయసులో తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

కానీ టీవీ ఆటిజాన్ని తెచ్చిపెట్టదు. ఈ మధ్య ‘వర్చువల్ ఆటిజం’ అనే మాట తల్లిదండ్రుల చేతుల్లో బాగా తిరుగుతోంది, తెర ఆపేస్తే ఆటిజం పోతుందనే అర్థంలో. డాక్టర్లు నిర్ధారణకి చూసే జబ్బుల జాబితాలు డీఎస్‌ఎం-5లో గానీ ఐసీడీ-11లో గానీ అలాంటి నిర్ధారణ లేదు. మనుషులతో కలవడం కష్టంగా ఉన్న పిల్లవాడు తెరకి ఎక్కువ అతుక్కుంటాడు, అది చూసి కారణాన్ని తలకిందులు చేస్తున్నారు. ఆ మాట వల్ల తల్లికి చేయని తప్పు అంటుకుంటుంది. ఇంకో పక్క, టీవీ ఆపేశాం కదా అని ఆరు నెలలు ఎదురుచూస్తూ అసలు పని మొదలుపెట్టరు.

ఆపే పద్ధతి కూడా ముఖ్యమే. ఎవరూ చూడని ఐదు గంటలు మొదటి రోజే ఆపేయవచ్చు, బాబు గొడవ చేయడు. చిక్కంతా భోజనం దగ్గర. తెర చూపించి నోట్లో పెట్టడం అలవాటైన పిల్లవాడికి ఆకలి, నమలడం, నిండడం దేనిమీదా ధ్యాస ఉండదు. తెర తీస్తే తినడం తెలియనట్టే ఉంటాడు. మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు పెరుగుతుంది, తిండి తగ్గుతుంది. సరిగ్గా మూడో రోజు ఎవరో ఒకరు జాలిపడి ఫోన్ ఇస్తారు. దాంతో బాబు నేర్చుకునేది ఇది: ఇంకాస్త గట్టిగా ఏడిస్తే వస్తుంది. ఆ తర్వాత ఆపడం మొదటిసారి కంటే కష్టం. అందుకని ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. కోడలు ఎదురు చెప్పినట్టు కాకుండా మాట ఇలా ఉంటే చాలు: "అత్తయ్యా, మీరు చెప్పింది కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ఈ మూడు వారాలు ఇది చూద్దాం, తర్వాత మీదీ చూద్దాం." తినే పరిమాణం సగానికి తగ్గి వారం దాటినా, బరువు తగ్గినా పంతం పట్టకూడదు, పిల్లల డాక్టర్‌కి చూపించి, తెర సమయాన్ని కొద్దికొద్దిగా కుదించే దారికి రావాలి.

ఈ ఇంట్లో భోజనం ఐదో రోజుకి గాడిలో పడింది. మూడు వారాల తర్వాత లెక్క: పేరుకు పదికి 5, సొంత చొరవ 7, మాటలు అవే 6. తండ్రి సగం నెగ్గాడు. ఇల్లు నిశ్శబ్దమయ్యేసరికి బాబుకి మనిషి గొంతు వినపడింది, తిరిగి చూశాడు. మాట మాత్రం పెరగలేదు, ఎందుకంటే టీవీ ఖాళీ చేసిన చోటును ఇంకా ఎవరూ నింపలేదు.

నింపడం

తర్వాతి ఎనిమిది వారాలు రోజుకి మూడుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున ఆట. తల్లి రెండు, తండ్రి ఒకటి. కళ్లు సమాన ఎత్తులో ఉండేలా నేల మీద కూర్చోవాలి. బాబు ఏది పట్టుకుంటే అదే ఆట. మనం తెచ్చిన బొమ్మ వైపు లాగకూడదు. "ఇదేంటి? ఇదే రంగు?" అనే ప్రశ్నలు ఆపేయాలి. అతను చేసేదానికి ఒక మాట పెట్టాలి, అతను ఒక మాట అంటే దానికి ఇంకో మాట కలపాలి: అతను "కారు" అంటే మనం "కారు వెళ్లింది". అన్నిటికంటే కష్టమైనది ఆగడం. మనసులో పది లెక్కపెట్టుకునేంత సేపు ఏమీ అనకుండా ఎదురుచూడాలి. పెద్దవాళ్లు రెండు సెకన్లకే అందుకుని తామే చెప్పేస్తారు.

సబ్బు బుడగల సీసాతో ఇది బాగా కనిపిస్తుంది. తల్లి ఒకసారి ఊదుతుంది, బుడగలు పగిలిపోయాక మూత బిగించి సీసాను బాబు ముందు పెడుతుంది. బాబు మూతను గోరుతో గీకుతాడు, రాదు. తల్లి మణికట్టు పట్టి సీసా మీద పెడతాడు. తల్లి చెయ్యి కదపదు, అతని ముఖంలోకి చూస్తూ ఉంటుంది. ఆరేడు సెకన్లు. బాబు సీసా చూస్తాడు, ముఖం చూస్తాడు, మళ్లీ సీసా చూస్తాడు. ఆ చూపు కలిసిన క్షణానే "ఊదు" అని మూత తీసి ఊదాలి. మొదటి వారం ఆ చూపు చాలు. రెండో వారం చూపుతోపాటు ఏ శబ్దమైనా సరే. "ఊదు అను, అంటేనే ఇస్తా" అని పట్టుబడితే బాబు సీసా వదిలేసి గోడ వైపు తిరుగుతాడు. వారం వారం తీసిన వీడియోలో తండ్రి వంతు చూస్తే సరిగ్గా ఇదే జరిగింది. అతనికి చేతులు కట్టుకుని కూర్చోమని చెప్పాక చూపులు పెరిగాయి.

భాష గురించి ఇంట్లో ఒక అనుమానం వచ్చింది: బడిలో వేరే భాష కాబట్టి ఇంట్లోనూ అదే మాట్లాడాలా అని. అక్కర్లేదు. రెండు భాషలు వినడం ఆటిజం ఉన్న పిల్లల్లో మాటను వెనక్కి లాగుతుందని పరిశోధనల్లో తేలలేదు. తల్లికి ఏ భాషలో జోలపాట, కోపం, ముద్దు అన్నీ తన్నుకొస్తాయో అదే భాషలో ఆడాలి. రాని భాషలో ఆడితే మాటలు సగమై, ఆదేశాలు మాత్రమే మిగులుతాయి.

ఎనిమిది వారాలు గడిచాక: పేరుకు పదికి 7, చొరవ 15, మాటలు 11. కుడి చెవి ద్రవం కూడా ఈలోగా తగ్గింది, టింపనోగ్రామ్ మామూలైంది. బాబుకి మూడేళ్లు నిండాయి.

మూడూ ఒకే నెలలో

మూడు నిండగానే బడిలో వేశారు. అదే వారం చాంబర్ మొదలైంది: 40 సిట్టింగుల ప్యాకేజీ, వారానికి ఐదు, ఒక్కోటి గంట. అక్కడివాళ్ల సలహా మీద గోధుమ, పాలు కూడా ఆపేశారు. ఐదు వారాల్లో మాటలు 11 నుంచి 14 అయ్యాయి. మేనమామ ఫోన్ చేసి "చెప్పానా అక్కా?" అన్నాడు.

నోట్‌బుక్ ఇంకో సంగతి చెప్పింది. అంతకుముందు ఎనిమిది వారాల్లో ఏ చాంబరూ లేకుండానే ఐదు మాటలు పెరిగాయి. ఇప్పుడు ఐదు వారాల్లో మూడు. వేగం మారలేదు. సొంత చొరవ మాత్రం 15 నుంచి 12కి పడిపోయింది. ప్రయాణంతో కలిపి చాంబర్ రోజుకి మూడు గంటలు తినేస్తోంది, బడి ఇంకొంత. మూడు ఆటల్లో రెండు పోయాయి. చొరవ పడిపోవడానికి ఆట తగ్గడమా, బడి అలసటా, పాలు ఆపడం వల్ల వచ్చిన ఆకలి చిరాకా? మూడూ ఒకేసారి కదిలాయి కాబట్టి ఎవరూ చెప్పలేరు. డబ్బు, సమయం పోయిన దానికంటే తెలుసుకునే దారి మూసుకుపోవడం ఈ కేసులో పెద్ద నష్టం.

చాంబర్ లోపలి గాలి ఒత్తిడి పెరిగినప్పుడు చెవి లోపలి ఒత్తిడి దానికి సమానం కావాలి. పెద్దవాళ్లు మింగి, ఆవలించి సర్దుకుంటారు. మూడేళ్ల పిల్లవాడికి అది చెప్పి చేయించలేం. రెండో వారంలో బాబు కుడి చెవి లాక్కుంటూ ఏడవడం మొదలుపెట్టాడు. ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, మంచిదే అన్నారు అక్కడ. బాధను మేలుకు గుర్తుగా చెప్పే ఏ చికిత్సనైనా ఆ మాట దగ్గరే ఆపాలి, ఎందుకంటే అక్కడ పిల్లవాడు మెరుగైనా లాభమే, ఏడ్చినా లాభమే. తప్పని తేలే అవకాశమే ఉండదు. ఈఎన్‌టీ పరీక్షలో కుడి చెవి టింపనోగ్రామ్ మళ్లీ చదునైంది. 22 సిట్టింగుల దగ్గర ఆపించారు.

చాంబర్ మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ వెతికి జల్లెడ పట్టి 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్షకి, షరతులకు నిలిచిన ప్రయోగం ఒక్కటే దొరికింది, 60 మంది పిల్లలతో. ఆటిజం లక్షణాలు తగ్గాయనడానికి అందులో ఆధారం కనిపించలేదు. ఆటిజానికి ఈ చికిత్సను తాము ఆమోదించలేదని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది. 2025 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఇలాంటి చాంబర్ అంటుకుని ఐదేళ్ల బాబు చనిపోయాడు. ఆక్సిజన్ నిండిన మూసిన గదిలో చిన్న నిప్పురవ్వ చాలు.

మరి మేనమామ పంపిన వీడియోలోని తల్లిదండ్రులు అబద్ధం చెబుతున్నారా? కాదు. ఈ ఒక్క ప్రశ్నకి సెక్రెటిన్ కథ చెబితే కుటుంబాలకి బాగా అర్థమవుతుంది. జీర్ణకోశ పరీక్షలో వాడే ఈ హార్మోన్ ఇచ్చాక ముగ్గురు ఆటిజం పిల్లలు మెరుగయ్యారని 1998లో ఒక నివేదిక వచ్చింది. వేలాది తల్లిదండ్రులు దానికోసం పరిగెత్తారు. 1999లో అచ్చయిన ప్రయోగంలో 60 మంది పిల్లలకి సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉప్పునీరు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకీ తెలియదు, చూసి మార్కులు వేసేవాళ్లకీ తెలియదు. రెండు గుంపుల్లోనూ పిల్లలు మెరుగయ్యారు, దాదాపు సమానంగా. అంటే ఉప్పునీరు తీసుకున్న పిల్లల ఇళ్లలోనూ మార్పు కనిపించింది. పిల్లలు పెరుగుతారు, మరీ గడ్డు రోజుల్లో చికిత్స మొదలవుతుంది కాబట్టి తర్వాతి రోజులు సహజంగానే మెరుగ్గా ఉంటాయి, ఆశతో చూసే కన్ను చిన్న మార్పునీ పట్టుకుంటుంది. ఫలితం చెప్పాక కూడా ఆ తల్లిదండ్రుల్లో 69 శాతం మంది సెక్రెటిన్ మీద ఆసక్తి ఉందనే అన్నారు. ఆ అంకెను తక్కువ చేసి చూడకూడదు, పిల్లవాడి కోసం ఏదైనా చేయాలనే తపన అంత గట్టిది. తర్వాత 2012 నాటి సమీక్ష 16 ప్రయోగాలను, 900 మందికి పైగా పిల్లలను కలిపి చూసింది, ఫలితం మారలేదు.

మేనమామ తర్వాతి సలహా మూలకణాలు (స్టెమ్ సెల్స్). అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 180 మంది పిల్లలతో, మూలకణాలు ఉండే బొడ్డుతాడు రక్తం ఎక్కించి చేసిన ప్రయోగం 2020లో అచ్చయింది. ముందుగా పెట్టుకున్న ప్రధాన కొలతలో ఉత్తుత్తి ఎక్కింపు కంటే మెరుగు కనిపించలేదు. ఇక కీలేషన్, అంటే ఒంట్లోని లోహాలను తీసేస్తామనే మందు, దాని విషయంలో మెత్తగా మాట్లాడకూడదు. 2005లో పెన్సిల్వేనియాలో ఐదేళ్ల ఆటిజం బాబు ఆ మందు ఎక్కించాక చనిపోయాడు, రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి. ఆటిజానికి మందని అమ్మే క్లోరిన్ డైఆక్సైడ్ చుక్కలు పారిశ్రామిక బ్లీచింగ్ సరుకు. వీటికి ‘ఒకసారి ప్రయత్నిస్తే పోయేదేముంది’ అన్న మాట వర్తించదు.

టీకాల సంగతి నాయనమ్మ అడిగింది కాబట్టి అదీ ఇక్కడే. టీకా వల్ల ఆటిజం వస్తుందనే అనుమానాన్ని పుట్టించిన 1998 నాటి పేపరు 12 మంది పిల్లల మీదిది, 2010లో దాన్ని అచ్చేసిన పత్రికే వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను చూస్తే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వేసుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువగా లేదు. వాయిదా పడ్డ టీకాలు వేయించారు.

విడదీయడం

కలిసిపోయిన మూడింటిని ఒక్కొక్కటిగా విప్పారు. చాంబర్ ముందే ఆగింది. తిండి మార్పును ఇంకో నాలుగు వారాలు అలాగే ఉంచారు, ఎందుకంటే అదే రోజు అదీ తీసేస్తే మళ్లీ అదే తప్పు. గోధుమ, పాలు మానడం మీద జరిగిన ప్రయోగాల్లో నమ్మదగిన మేలు కనిపించలేదు. మొదటే నాలుగైదు రకాలు తప్ప తినని పిల్లవాడికి పాలు తీసేస్తే కాల్షియం, విటమిన్ డి, మాంసకృత్తులు తగ్గుతాయి. ఎవరైనా చేసి చూడాల్సిందే అంటే ముందు బరువు, ఎత్తు రాసుకుని, న్యూట్రిషనిస్టును అడిగి, ఆపే తేదీ ముందే వేసుకుని, ఆ మధ్యలో ఇంకేదీ మార్చకుండా చేయాలి. ఇక్కడ నాలుగు వారాల తర్వాత తిరిగి మొదలుపెట్టినప్పుడు మూడు లెక్కల్లో ఏదీ కదల్లేదు, మలబద్ధకం కూడా పెరగలేదు. గోధుమ పడని సీలియాక్ జబ్బు, పాల అలర్జీ ఉన్న పిల్లల విషయం పూర్తిగా వేరు, వాళ్లకి పరీక్షలు చేసి డాక్టర్లే ఆపుతారు.

ఏ కొత్త చికిత్స పేరు విన్నా అడగాల్సినవి ఇవే: దేనితో పోల్చి చూశారు? మార్కులు వేసినవాళ్లకి ఎవరికి ఏది ఇచ్చారో తెలుసా? మా పిల్లవాడిలో ఏది ఎంత మారితే పనిచేసినట్టు, ఏ తేదీకి? ఆ తేదీకి మారకపోతే ఆపేస్తారా? చివరి ప్రశ్నకి "ఇంకో ప్యాకేజీ కావాలి" అని జవాబొస్తే లేచి వచ్చేయవచ్చు.

బడి

నాయనమ్మ నమ్మకంలోనూ పరీక్షించదగ్గ ముక్క ఉంది: తోటిపిల్లలు నేర్పుతారు. నేర్పుతారు, కానీ అందుకోగల పిల్లవాడికి. తరగతిలో ఒక మూల కూర్చుని అరగంట లెక్కపెడితే కనిపించింది ఇది: నలుగురు పిల్లలు వచ్చి పలకరించారు, బాబు తిరగలేదు, రెండోసారి ఒక్కరే వచ్చారు, తర్వాత ఎవరూ రాలేదు. పిల్లలకి ఓపిక అంతే ఉంటుంది, అది వాళ్ల తప్పు కాదు. పాతిక మందిని ఉద్దేశించి టీచరు "అందరూ లేచి సంచులు తీయండి" అంటే అందరిలో తానూ ఉన్నానని బాబుకి తెలియదు. పైగా రోజూ గంటసేపు అక్షరాలు దిద్దిస్తున్నారు. అంకెలు అప్పజెప్పే పిల్లవాడు కాబట్టి చదువులో ముందున్నాడని బడి మురిసింది, ఇల్లూ మురిసింది.

బడి మాన్పించలేదు. చిన్న తరగతిలోకి దించలేదు కూడా. మాట తక్కువైనంత మాత్రాన రెండేళ్ల పిల్లల మధ్య కూర్చోబెడితే అనుకరించడానికి వాళ్ల దగ్గరా మాటలు తక్కువే. మార్చినవి వేరే. ఐదు గంటలు కాస్తా మొదట గంటన్నరకి తగ్గించి, రెండు వారాలకోసారి అరగంట పెంచుతూ పోయారు. బల్ల మీద నాలుగు బొమ్మల పట్టీ అతికించారు: సంచి, ఆట, తిండి, ఇల్లు, అయిపోయినదాన్ని బాబే తీసి డబ్బాలో వేస్తాడు. టీచరు దగ్గరికి వచ్చి ముందు పేరు పిలిచి, చూశాక ఒక్క పని చెబుతారు. దిద్దే గంటలో సగం తీసేసి, ఒకే పిల్లవాడితో బంతి దొర్లించే ఆట పెట్టారు, వంతు నీది, వంతు నాది అంటూ. ఆ తోటిపిల్లవాడికి నేర్పింది ఒక్కటే: బంతి పట్టుకుని బాబు చూసేదాకా ఆగడం. నాలుగేళ్ల పిల్లలు ఇది ఒక్కరోజులో నేర్చుకుంటారు, పెద్దవాళ్ల కంటే బాగా ఆగుతారు. ఇంటికి వచ్చే పుస్తకంలో "గుడ్ బాయ్" బదులు మూడు గళ్లు: పేరుకు చూశాడా, ఎవరినైనా పలకరించాడా, ఎక్కడ ఏడ్చాడు.

ఈ కేసులో బడి చేసిన ఒక పొరపాటు చాలా చోట్ల జరుగుతుంది. గంటన్నర బాగా గడిచిందని చూసి వారంలోనే పూర్తి సమయానికి పెంచేశారు. మధ్యాహ్నం కొరకడం మొదలైంది. ఇంటికి వచ్చిన ఫిర్యాదు కొరకడం గురించి. కొరికిన వేళలు రాసి చూస్తే అన్నీ రెండు గంటలు దాటాకే ఉన్నాయి. సమయం వెనక్కి తగ్గించగానే ఆగింది, ఏ మందూ వేయలేదు.

చాంబర్ ఆగి, ఆటలు మళ్లీ మూడయ్యాక ఎనిమిది వారాల లెక్క: పేరుకు పదికి 8, సొంత చొరవ 21, మాటలు 20. "ఊదు అమ్మ", "బంతి ఇంకా" అని రెండు మాటలు కలపడం మొదలైంది. వేలితో చూపిస్తున్నాడు, అయితే కావలసింది అడగడానికే ఎక్కువ. ఆకాశంలో విమానాన్ని చూపించి మన ముఖం చూసి పంచుకోవడం ఇంకా అరుదు. వచ్చే మూడు నెలల ఆటలు దానిమీదే పెట్టుకున్నారు, నోట్‌బుక్‌లో దానికి నాలుగో గడి వేశారు. బడి సమయం మూడు గంటల దగ్గరే ఉంటుంది. కుడి చెవి ఆరు వారాల్లో మళ్లీ చూడాలి, అప్పటికీ ద్రవం ఉంటే ట్యూబు సంగతి ఈఎన్‌టీ డాక్టర్‌తో మాట్లాడాలి. మరుగుదొడ్డి అలవాటు ఇంకా మొదలుపెట్టలేదు. చెవి పని తేలాకే దాన్ని అందుకుంటారు, ఒక్కసారికి ఒక్కటే కాబట్టి.